ఫుట్‌బాల్‌లో ట్రాన్స్‌ఫర్ ఫీజులు, జీతాలు ఇంతలా ఎందుకు పెరిగాయి? క్లబ్బుకు పడే అసలు ఖర్చు ఎక్కడుంది?

కార్నర్‌ఫ్లాగ్

1979లో ట్రెవర్ ఫ్రాన్సిస్ అనే ఆటగాణ్ణి నాటింగ్‌హామ్ ఫారెస్ట్ క్లబ్బు కొన్నప్పుడు బ్రిటన్‌లో పది లక్షల పౌండ్లు పలికిన మొదటి బదిలీ అదే. 2017లో నేమార్ కోసం ప్యారిస్ క్లబ్బు పీఎస్‌జీ బార్సిలోనాకు కట్టింది 22.2 కోట్ల యూరోలు. మధ్యలో నలభై ఏళ్ళు కూడా లేవు. సరుకుల ధరలు పెరిగిన లెక్కన చూస్తే ఈ అంకె ఎక్కడా పొసగదు. జీతాల సంగతీ అంతే. 1961 దాకా ఇంగ్లండ్‌లో వారానికి 20 పౌండ్లకు మించి ఇవ్వకూడదన్న నియమం ఉండేది. ఇప్పుడు పెద్ద క్లబ్బుల్లో వారానికి రెండు మూడు లక్షలు తీసుకునేవాళ్ళున్నారు.

అడిగితే "అంతా టీవీ డబ్బు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నిజమే కావచ్చు గానీ మూడు విషయాలు నాకు తెగట్లేదు. ఫీజు కట్టి క్లబ్బు కొంటున్నది అసలు దేన్ని? ఏటా నష్టాలు చూపించే క్లబ్బు వేసవి రాగానే 10 కోట్ల పౌండ్లు పెట్టి ఆటగాణ్ణి ఎలా తెస్తోంది, నియమాలు అడ్డురావా? చివరికి క్లబ్బును ముంచేది ఫీజా, జీతమా? లెక్కలతో చెప్పగలిగినవాళ్ళు చెప్పండి. ఏ క్లబ్బు గొప్పదన్న వాదన ఇక్కడ వద్దు.

---

టచ్‌లైన్

మొదటి ప్రశ్న వరకు నేను చెబుతాను.

క్లబ్బు కొనేది కాంట్రాక్టులో మిగిలి ఉన్న కాలాన్ని. గడువుకు ముందే ఆటగాణ్ణి వదిలిపెట్టి రిజిస్ట్రేషన్ (అతణ్ణి తన తరఫున ఆడించుకునే హక్కు) ఇచ్చేసినందుకు పాత క్లబ్బు పుచ్చుకునే పరిహారమే ఫీజు. అందుకే ఒకే ఆటగాడు, ఒకే ఫామ్‌లో, కాంట్రాక్టు నాలుగేళ్ళుంటే ఒక ధర, పది నెలలుంటే వేరే ధర.

మొదట్లో ఇలా ఉండేది కాదు. ఇంగ్లండ్‌లో పాత పద్ధతి ప్రకారం కాంట్రాక్టు ముగిసినా రిజిస్ట్రేషన్ క్లబ్బు గుప్పిట్లోనే ఉండేది. క్లబ్బు ఒప్పుకోకపోతే ఆటగాడు ఇంకెక్కడా ఆడలేడు. 1905లో ఆల్ఫ్ కామన్ సండర్లాండ్ నుంచి మిడిల్స్‌బ్రోకు 1,000 పౌండ్లకు వెళ్ళాడు, 1928లో డేవిడ్ జాక్ బోల్టన్ నుంచి ఆర్సెనల్‌కు 10,890 పౌండ్లకు వెళ్ళాడు. ఫీజు ఎంత పెరిగినా ఆటగాడి జీతానికి మాత్రం పైన గరిష్ఠ పరిమితి ఉంది. అంటే డబ్బు క్లబ్బుల మధ్యే తిరిగేది. 1961లో జిమ్మీ హిల్ నాయకత్వంలో ఆటగాళ్ళ సంఘం సమ్మెకు సిద్ధమయ్యాక ఆ పరిమితి పోయింది. వెంటనే ఫుల్హామ్ క్లబ్బు జానీ హేన్స్‌కు వారానికి 100 పౌండ్లు ఇచ్చింది. ఐదింతలు! 1963లో జార్జ్ ఈస్ట్‌హామ్ కేసులో ఆటగాణ్ణి అలా అట్టిపెట్టుకునే పద్ధతి అన్యాయమని కోర్టు చెప్పింది. అయినా కాంట్రాక్టు అయిపోయినవాడికి ఫీజు అడిగే అలవాటు మాత్రం పోలేదు.

దాన్ని పడగొట్టింది 1995 డిసెంబరు 15న యూరోపియన్ కోర్టు ఇచ్చిన బోస్మన్ తీర్పు. బెల్జియంలో లియేజ్ క్లబ్బుతో కాంట్రాక్టు ముగిసినా జాన్ మార్క్ బోస్మన్‌ను ఫ్రాన్స్‌లోని డన్‌కెర్క్‌కు వెళ్ళనివ్వలేదు. యూరోపియన్ యూనియన్ పౌరుడైన ఆటగాడు కాంట్రాక్టు ముగిశాక మరో సభ్య దేశానికి ఫీజు లేకుండా వెళ్ళొచ్చని కోర్టు తేల్చింది. ఈయూ ఆటగాళ్ళ మీద ఉన్న సంఖ్యా పరిమితినీ కొట్టేసింది.

జీతాలు పైకి లేచింది ఇక్కడే. కాంట్రాక్టు గడువు దగ్గరపడేకొద్దీ క్లబ్బు చేతిలోని ధర కరిగిపోతుంది కాబట్టి, ఆటగాడికి కొత్త కాంట్రాక్టు ముందుగానే ఇవ్వాలి. ఇవ్వాలంటే జీతం పెంచాలి. మూడేళ్ళు, ఆపైన మిగిలి ఉంటే క్లబ్బు "అమ్మం" అని కూర్చోవచ్చు. రెండేళ్ళుంటే బేరం మొదలవుతుంది. ఏడాదే ఉంటే అమ్మడమో, పొడిగించడమో తేల్చుకోవాలి. ఆఖరి ఆరు నెలల్లో విదేశీ క్లబ్బుతో ముందస్తు ఒప్పందం చేసుకునే వీలు ఫిఫా నియమాల్లోనే ఉంది. అక్కడికి వచ్చాక ఫీజుగా రావాల్సిన డబ్బులో చాలా భాగం ఆటగాడి జీతంలోకీ, సైనింగ్ బోనస్‌లోకీ, ఏజెంటు కమిషన్‌లోకీ మళ్ళుతుంది. 2024లో ఎంబాపే రియల్ మాడ్రిడ్‌కు వెళ్ళినప్పుడు పీఎస్‌జీకి ఫీజు రాలేదు.

ఇంకో చిన్న ఉదాహరణ చూడండి. లివర్‌పూల్‌తో ట్రెంట్ అలెగ్జాండర్ ఆర్నాల్డ్ కాంట్రాక్టు 2025 జూన్ ఆఖరుకు అయిపోయేది. క్లబ్ ప్రపంచకప్ అంతకంటే ముందే మొదలైంది కాబట్టి ఆ కాస్త కాలానికే రియల్ డబ్బు కట్టింది. దాదాపు కోటి యూరోలని వార్తలొచ్చాయి. మిగిలిన కాలానికే ధర అన్నది ఇంత విడిగా కనిపించే సందర్భం తక్కువ.

---

పద్దులపుస్తకం

రెండో ప్రశ్నకు జవాబు పద్దుల్లో ఉంది. పత్రికల్లో వచ్చే ఫీజు, బ్యాంకు ఖాతాలోంచి పోయే డబ్బు, లాభనష్టాల్లో పడే ఖర్చు. ఈ మూడూ మూడు వేర్వేరు అంకెలు. వీటిని కలిపేయడం వల్లే సగం గందరగోళం.

అంకెలతోనే చెబుతాను, ఊహించిన ఆటగాడే. ఫీజు 6 కోట్ల పౌండ్లు, కాంట్రాక్టు ఐదేళ్ళు, జీతం వారానికి 1.5 లక్షలు, ఏజెంటుకు 40 లక్షలు. ఫీజును కాంట్రాక్టు ఏళ్ళ మీద సమానంగా పరుస్తారు. దీన్నే అమోర్టైజేషన్ అంటారు. ఏడాదికి 1.2 కోట్లు. ఏజెంటు కమిషన్‌నూ అలాగే పరిస్తే ఏడాదికి 8 లక్షలు. జీతం ఏడాదికి 78 లక్షలు. ఇంగ్లండ్‌లో దాని మీద యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ (సామాజిక భద్రతా చందా) 15 శాతం, అంటే ఇంకో 11.7 లక్షలు. మొత్తం ఏడాదికి 2.177 కోట్లు, ఐదేళ్ళకు 10.885 కోట్లు. "6 కోట్ల ఆటగాడు" అని రాసినవాడి అసలు ఖర్చు ఇది, బోనస్‌లు ఇంకా కలపకుండానే.

ఇక అమ్మకం వైపు. మూడేళ్ళ తరవాత అతని బుక్ వాల్యూ, అంటే పద్దుల్లో ఇంకా మిగిలిన విలువ, 6లోంచి 3.6 పోను 2.4 కోట్లు (ఏజెంటు వాటాను పక్కన పెడుతున్నా). 3 కోట్లకు అమ్మితే పద్దుల్లో 60 లక్షల లాభం. కొన్న ధరలో సగానికి అమ్మి లాభం చూపించడం మోసం కాదు, లెక్క తీరే అది. అకాడమీలో పెరిగినవాడికైతే కొన్న ధరే లేదు కాబట్టి బుక్ వాల్యూ సున్నా, వచ్చిన ప్రతి పౌండూ లాభమే. సొంత కుర్రాళ్ళను జూన్ 30 లోపు హడావిడిగా అమ్మేయడం వెనక ఉన్నది ఇదే. చాలా ఇంగ్లిష్ క్లబ్బుల ఆర్థిక సంవత్సరం ఆ రోజుతో ముగుస్తుంది. కొన్నవాడి ఖర్చు ఐదు ముక్కలు, అమ్మినవాడి లాభం ఒకేసారి. నష్టాల క్లబ్బు వేసవిలో కొనగలగడానికి సగం కారణం ఈ తేడా.

కాంట్రాక్టు పొడిగించినా ఖర్చు పలచబడుతుంది. పై ఆటగాడికే మూడేళ్ళ తరవాత ఇంకో రెండేళ్ళు కలిపితే, మిగిలిన 2.4 కోట్లు నాలుగేళ్ళ మీద పడతాయి. ఏడాదికి 1.2 కోట్లు కాస్తా 60 లక్షలవుతుంది. జీతం పెరిగినా ఆ ఏడాది మొత్తం ఖర్చు తగ్గినట్టు కనిపించొచ్చు.

దీన్ని చివరిదాకా లాగింది చెల్సీ. 2023 జనవరిలో ఎంజో ఫెర్నాండెజ్‌ను 10.68 కోట్ల పౌండ్లకు తెచ్చి కాంట్రాక్టు ఎనిమిదిన్నరేళ్ళు రాసింది. ఐదేళ్ళైతే ఏడాదికి 2.14 కోట్లు పడాల్సింది 1.26 కోట్లకు దిగింది. దాంతో యూరప్ ఫుట్‌బాల్ సంస్థ యూఈఎఫ్‌ఏ 2023 వేసవి నుంచి, ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ అదే ఏడాది డిసెంబరులో, కొత్త కాంట్రాక్టులకు ఐదేళ్ళకు మించి పరచకూడదని గీత గీశాయి. కాంట్రాక్టు ఎన్నేళ్ళైనా రాసుకోవచ్చు, ఖర్చు మాత్రం ఐదేళ్ళలోనే చూపించాలి.

ఈ ఎత్తుగడలో ఉచ్చు కూడా ఉంది. ఎనిమిదిన్నరేళ్ళు పరిస్తే రెండేళ్ళ తరవాత ఇంకా 8.17 కోట్లు పద్దుల్లో కూర్చుని ఉంటాయి. అంతకు తక్కువకు అమ్మితే ఆ ఏడాదే నష్టం. ఐదేళ్ళు పరిచి ఉంటే 6.41 కోట్లకే బయటపడొచ్చు. ఆటగాడు రాణించకపోతే ఈ తేడా మెడకు చుట్టుకుంటుంది. పైగా అతని జీతం భరించగల క్లబ్బు కూడా దొరకాలి.

నియమాల సంగతి క్లుప్తంగా. 2025-26 సీజన్ దాకా ప్రీమియర్ లీగ్‌లో మూడేళ్ళకు కలిపి 10.5 కోట్ల పౌండ్ల నష్టం దాకా అనుమతి. అందులో 9 కోట్లకు యజమాని సొంత పెట్టుబడి పెట్టాల్సి ఉండేది, లేకపోతే పరిమితి 1.5 కోట్లే. యువ ఆటగాళ్ళ శిక్షణ, మహిళల జట్టు, స్టేడియం ఖర్చులు ఇందులో లెక్కించేవారు కాదు. ఛాంపియన్‌షిప్‌లో (దాని కింది లీగ్) గడిపిన ఏడాదికి 1.3 కోట్లే అనుమతి. ఫారెస్ట్ మూడేళ్ళలో రెండు అక్కడే గడిపింది కాబట్టి దానికి 6.1 కోట్లే దక్కింది. 3.45 కోట్లు మించిపోయి 2024 మార్చిలో 4 పాయింట్లు పోగొట్టుకుంది. బ్రెనన్ జాన్సన్‌ను టాటెన్‌హామ్‌కు 4.75 కోట్లకు అమ్మింది కానీ జూన్ 30 దాటాక. రెండు నెలలు ఆగితే ధర ఎక్కువొస్తుందన్న వాదన విచారణ కమిషన్ ముందు నిలవలేదు. ఎవర్టన్‌కు 10 పాయింట్ల కోత పడి అప్పీలులో 6కు తగ్గింది, తరవాత రెండో కేసులో ఇంకో 2.

---

నెంబర్ సిక్స్

పై రెండూ సరైనవే, కానీ డబ్బు మొదట ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పకపోతే బొమ్మ సగమే. బోస్మన్ తీర్పు డబ్బు ఎవరికి చేరాలో మార్చింది, డబ్బును పుట్టించలేదు. పుట్టించింది ప్రసార హక్కులే. ప్రీమియర్ లీగ్ బ్రిటన్ హక్కులు 2013 నుంచి మూడేళ్ళకు 301.8 కోట్ల పౌండ్లు, 2016 నుంచి మూడేళ్ళకు 513.6 కోట్లు. ఒక్క బేరంతో 70 శాతం పెరుగుదల. ఆ డబ్బు ఇరవై క్లబ్బులకూ పంచుతారు, అట్టడుగు క్లబ్బుక్కూడా. దాంతో విదేశీ అమ్మకందారులు ఇంగ్లిష్ క్లబ్బుకొక ధర, మిగతావాళ్ళకొక ధర చెప్పడం మొదలెట్టారు.

ఒక ఫీజు ఇంకో ఫీజును ఎలా లేపుతుందో 2017లో వరుసగా చూడొచ్చు. స్పెయిన్‌లో 1985 నాటి రాజశాసనం వల్ల ఆటగాడు పరిహారం కట్టి కాంట్రాక్టు తెంచుకోవచ్చు. అందుకే అక్కడ ప్రతి కాంట్రాక్టులో ఒక విడుదల మొత్తం రాస్తారు. 2000లో ఫిగోను బార్సిలోనా నుంచి రియల్ అలాగే తీసుకుపోయింది. నేమార్‌ది 22.2 కోట్ల యూరోలు, ఎవరూ కట్టరనే ధైర్యంతో రాసిన అంకె. స్పెయిన్ అగ్రశ్రేణి లీగ్ లా లీగా ఆఫీసు చెక్కు తీసుకోకపోతే అతని లాయర్లు నేరుగా బార్సిలోనాకే కట్టారు. ఇక ఆగస్టులో బార్సిలోనా చేతిలో 22.2 కోట్లున్నాయని, కీలక ఆటగాడు పోయాడని లోకమంతటికీ తెలుసు. డెంబెలే కోసం డార్ట్‌మండ్ అడిగింది 10.5 కోట్ల యూరోలు, బోనస్‌లు విడిగా. 2018 జనవరిలో కుటీన్యో కోసం బార్సిలోనా లివర్‌పూల్‌కు అంతకంటే ఎక్కువే ఇచ్చింది. అదే జనవరిలో లివర్‌పూల్ వాన్ డైక్‌ను 7.5 కోట్ల పౌండ్లకు, వేసవిలో గోల్‌కీపర్ అలిసన్‌ను తెచ్చుకుంది. అమ్మేవాడికి కొనేవాడి జేబు కనిపిస్తే బేరం అక్కడే ఓడినట్టు.

పీఎస్‌జీ మాత్రం అదే వేసవిలో ఎంబాపేను మొనాకో నుంచి మొదట అరువుగా తెచ్చి, కొనుగోలును తరవాతి ఏడాదికి నెట్టింది. రెండు భారీ ఫీజులు ఒకే ఏడాది పద్దులో పడకూడదనే.

ఇంకో మాట. పతాక శీర్షికల్లోని రికార్డును చూసి మార్కెట్‌ను అంచనా వేయొద్దు. క్లబ్బు ఆదాయంలో ఎన్నో వంతో చూడాలి. 2009లో రియల్ రొనాల్డోకు పెట్టిన 9.4 కోట్ల యూరోలు అప్పటి దాని ఏడాది ఆదాయం 40 కోట్లలో నాలుగో వంతు కంటే తక్కువ. పీఎస్‌జీ నేమార్‌కు పెట్టింది తన ఏడాది ఆదాయం సుమారు 48 కోట్లలో దాదాపు సగం. మామూలు వ్యాపార లెక్కకు అందని ధర అది. అందుకే 2025 వేసవిలో కూడా ఆ రికార్డు చెక్కుచెదరలేదు. ఆ వేసవిలో లివర్‌పూల్ ఇసాక్ కోసం పెట్టిన 12.5 కోట్ల పౌండ్లు బ్రిటన్‌లో రికార్డే, అయినా నేమార్ ధర దరిదాపుల్లో లేదు. నిజంగా పెరిగింది మధ్యస్థాయి ఆటగాళ్ళ ధర. ఒకప్పుడు 80 లక్షలు పలికిన డిఫెండరు ఇప్పుడు 3 కోట్లు పలుకుతున్నాడంటే అందరి చేతిలో డబ్బుందని అర్థం.

---

కార్నర్‌ఫ్లాగ్

ముగ్గురికీ ధన్యవాదాలు. బుక్ వాల్యూ సంగతి ఇప్పుడు బోధపడింది. రెండు సందేహాలు మిగిలాయి. ఫీజు లేని బదిలీ అంటే క్లబ్బుకు నిజంగా డబ్బు ఆదా అయినట్టే కదా, మరి అందరూ వాళ్ళ వెంటే ఎందుకు పడరు? మూడో ప్రశ్న, ముంచేది ఫీజా జీతమా అన్నది ఇంకా ఎవరూ తేల్చలేదు.

---

ఆఫ్‌సైడ్ గీత

ముంచేది జీతమే. ఫీజు ఒకసారి తేలిపోయే బాకీ, ఆటగాణ్ణి అమ్మితే కొంతైనా వెనక్కొస్తుంది. జీతం మాత్రం కాంట్రాక్టు ఉన్నన్నాళ్ళూ నెలనెలా కట్టాల్సిందే. గాయంతో కూర్చున్నా, కోచ్‌కు నచ్చకపోయినా, జట్టు కింది లీగ్‌కు దిగినా ఆగదు. ఆటగాడు వెళ్ళనంటే బలవంతాన పంపలేరు కూడా.

లీడ్స్ కథ పాఠ్యపుస్తకంలో పెట్టాల్సింది. రాబోయే ఏళ్ళ టికెట్ల ఆదాయం తాకట్టు పెట్టి 6 కోట్ల పౌండ్లు అప్పు తెచ్చింది, ఏటా ఛాంపియన్స్ లీగ్‌లో (యూరప్ పెద్ద క్లబ్బుల టోర్నీ) ఆడతామన్న లెక్కతో జీతాలు రాసింది. 2001లో సెమీఫైనల్ దాకా వెళ్ళింది గానీ ఆ సీజన్లో లీగ్‌లో నాలుగో స్థానం, తరవాతి సీజన్లో ఐదో స్థానం రావడంతో ఆ టోర్నీకి మళ్ళీ చేరలేదు. ఆదాయం ఆగింది, జీతాలు ఆగలేదు. 2002లో ఫెర్డినాండ్‌ను అమ్మింది. 2003 జనవరిలో ఫౌలర్‌ను మాంచెస్టర్ సిటీకి పంపినప్పుడు అతని జీతంలో కొంత లీడ్స్ తానే కట్టడానికి ఒప్పుకుంది, ఆ జీతం మొత్తం భరించేవాడు దొరక్క. ఇది గమనించాల్సిన విషయం: ఆటగాణ్ణి వదిలించుకున్నా జీతం పూర్తిగా వదల్లేదు. 2004లో కింది లీగ్‌కు పడిపోయింది, 2007లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. పోర్ట్స్‌మత్ 2008లో ఎఫ్‌ఏ కప్ గెలిచి, 2010 ఫిబ్రవరిలో అదే దారి పట్టింది. 9 పాయింట్లు కోత.

బార్సిలోనా అంత పెద్ద క్లబ్బుకే ఈ గతి తప్పలేదు. 2021లో జీతాల బిల్లు ఆదాయాన్ని మించిపోయిందని అధ్యక్షుడు లపోర్తానే చెప్పారు. లా లీగా ప్రతి క్లబ్బుకూ ముందే జీతాల పరిమితి లెక్కగట్టి ఇస్తుంది, దాన్ని మించితే ఆటగాళ్ళను రిజిస్టర్ చేయదు. మెస్సీ కాంట్రాక్టు అప్పటికే ముగిసింది కాబట్టి అతణ్ణి కొత్తగా రిజిస్టర్ చేయాలి. జీతం సగం తగ్గించుకుంటానన్నా ఆ పరిమితిలో పట్టలేదు. అతని కోసం కట్టాల్సిన ఫీజేమీ లేకపోయినా, ఆ పరిమితి లెక్క వల్ల పోయాడు.

అందుకే జాగ్రత్తగా నడిచే క్లబ్బులు మూల జీతం తక్కువగా, మిగతాది షరతులతో రాస్తాయి: ఆడిన మ్యాచ్‌కింత, యూరప్ టోర్నీకి చేరితే ఇంత. అన్నిటికంటే ముఖ్యం, కింది లీగ్‌కు దిగితే జీతం దానంతటదే తగ్గే షరతు. ఇది లేని కాంట్రాక్టులు పది ఉంటే చాలు, దిగిన మొదటి వేసవిలోనే క్లబ్బు అడ్డగోలు ధరలకు అమ్ముకోవాల్సి వస్తుంది. దిగిన క్లబ్బులకు ప్రీమియర్ లీగ్ టీవీ వాటాలో మొదటి ఏడాది 55 శాతం, రెండో ఏడాది 45, మూడో ఏడాది 20 ఇస్తుంది (ఒక్క సీజనే పైన ఆడి దిగితే రెండేళ్ళే). ఆ డబ్బున్న క్లబ్బుతో పోటీపడాలని మిగతా ఛాంపియన్‌షిప్ క్లబ్బులు తలకు మించి జీతాలిస్తాయి. ఆ లీగ్‌లో మొత్తం జీతాలు మొత్తం ఆదాయాన్ని దాటిన సీజన్లు ఒకటి రెండు కావు. పైకి ఎక్కితే వచ్చే డబ్బు మీద పందెం అది, ఎక్కేది మాత్రం మూడు జట్లే.

ఇంకొకటి. ఎక్కువ కాలం చూస్తే లీగ్ పట్టికలో స్థానం ఫీజుల కంటే జీతాల బిల్లుతోనే దగ్గరగా నడుస్తుంది. ఫీజు కొన్నవాళ్ళ గురించే చెబుతుంది, జీతం జట్టు మొత్తం నాణ్యత గురించి చెబుతుంది. "నెట్ స్పెండ్" (కొన్న ఫీజుల్లోంచి అమ్మిన ఫీజులు తీసేసిన అంకె) పట్టికలు పట్టుకుని కొట్టుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

---

పద్దులపుస్తకం

ఫ్రీ బదిలీ లెక్క నేను వేస్తాను. పైన చెప్పిన 6 కోట్ల ఆటగాడికి ఏడాదికి 2.177 కోట్లు పడ్డాయి కదా. ఇప్పుడు ఫీజు లేని ఆటగాణ్ణి నాలుగేళ్ళకు తెచ్చారనుకోండి. ఫీజు మిగిలిందని తెలుసు కాబట్టి వారానికి 3 లక్షలు అడుగుతాడు. ఏడాదికి 1.56 కోట్లు, దాని మీద ఇన్సూరెన్స్ 23.4 లక్షలు. సైనింగ్ బోనస్ కోటి, ఏడాదికి 25 లక్షలు. మొత్తం 2.044 కోట్లు. ఏజెంటు వాటా కలిపితే రెండూ దాదాపు సమానం. పైగా కాంట్రాక్టు అయిపోయి వచ్చేవాళ్ళలో ముప్పై దగ్గరపడ్డవాళ్ళు ఎక్కువ, తిరిగి అమ్మితే వచ్చేది తక్కువ. ఒకడికి 3 లక్షలు ఇచ్చారని తెలియగానే మిగతా జట్టు ఏజెంట్లు మరుసటి వారమే ఆఫీసులో ఉంటారు. ఆ ఖర్చు ఏ పద్దులోనూ విడిగా కనిపించదు.

యూఈఎఫ్‌ఏ ఇప్పుడు లెక్కను ఈ వైపే తిప్పింది. జీతాలు, అమోర్టైజేషన్, ఏజెంట్ల ఖర్చు మూడూ కలిపి, ఆదాయం, ఆటగాళ్ళ అమ్మకాల నికర లాభం కలిపిన మొత్తంలో 70 శాతం దాటకూడదు. 2023-24లో 90, తరవాత 80, 2025-26 నుంచి 70. ఫీజు తగ్గించి జీతం పెంచినా, జీతం తగ్గించి ఫీజు పెంచినా ఒకే గంపలో పడుతుంది. పాత నష్టపరిమితి కంటే ఇది మేలైన పద్ధతని నా అభిప్రాయం. దీనికున్న లోపం, ఆదాయం ఎక్కువున్న క్లబ్బు ఎప్పటికీ ఎక్కువ ఖర్చు పెట్టగలదు, చిన్నది అందుకోలేదు.

---

టచ్‌లైన్

ఫీజు మొత్తం అమ్మిన క్లబ్బుకే చేరదన్నది కూడా చెప్పాలి. అంతర్జాతీయ బదిలీలో 5 శాతం సాలిడారిటీ వాటా, ఆటగాణ్ణి 12 నుంచి 23 ఏళ్ళ దాకా తీర్చిదిద్దిన క్లబ్బులకు. 12 నుంచి 15 దాకా ఏడాదికి 0.25 శాతం, 16 నుంచి 23 దాకా ఏడాదికి 0.5 శాతం. 6 కోట్ల ఫీజులో మొదటి నాలుగేళ్ళూ పెంచిన చిన్న క్లబ్బుకు 6 లక్షలు, తరవాత మూడేళ్ళు పెంచినవాళ్ళకు 9 లక్షలు. చిన్న అకాడమీకి ఇది ఏళ్ళ తరబడి గడిచే డబ్బు. ఈ వాటాను కొనే క్లబ్బు ఫీజులోంచే మినహాయించి పంచాలి. ఒప్పందంలో ఫీజు నికరమా, వాటాతో కలిపా అని స్పష్టంగా రాయకపోతే గొడవ ఇక్కడే మొదలవుతుంది. కాంట్రాక్టు అయిపోయి ఫ్రీగా వెళ్తే 5 శాతం వేయడానికి ఫీజే ఉండదు. ఫ్రీ బదిలీలు పెరిగితే నలిగేది ఈ చిన్న క్లబ్బులే, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

వాయిదాల సంగతి. పెద్ద ఫీజులు మూడు నాలుగు వాయిదాల్లో కడతారు. అమ్మిన క్లబ్బుకు డబ్బు వెంటనే కావాలంటే రాబోయే వాయిదాలను బ్యాంకుకు తగ్గింపు ధరకు అప్పగిస్తుంది, వడ్డీ రూపంలో కొంత పోతుంది. వాయిదా 30 రోజులు దాటి ఆలస్యమైతే, రావాల్సిన క్లబ్బు కనీసం 10 రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు ఇచ్చి ఫిఫా దగ్గరికి వెళ్ళొచ్చు. కొత్త ఆటగాళ్ళ రిజిస్ట్రేషన్ మీద నిషేధం దాకా శిక్ష ఉంటుంది. ఆటగాడికి రెండు నెలల జీతం రాకపోతే 15 రోజుల నోటీసుతో కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు. అప్పుడు కోట్ల విలువైనవాడు పైసా రాకుండా పోతాడు. జీతాలు ఆపే క్లబ్బుకు పడే అసలు దెబ్బ అది.

2024 అక్టోబరు 4న యూరోపియన్ కోర్టు లసానా డియారా కేసులో, కారణం లేకుండా కాంట్రాక్టు తెంచుకున్న ఆటగాణ్ణి తీసుకున్న కొత్త క్లబ్బును కూడా పరిహారానికి బాధ్యురాల్ని చేసే ఫిఫా నిబంధనల్ని తప్పుబట్టింది. ఫిఫా వాటిని సవరించింది. ఆటగాడు మధ్యలో వెళ్ళిపోవడం తేలికైతే, మిగిలిన కాలానికి క్లబ్బు అడిగే ధర తగ్గి ఆ తేడా జీతంలోకి వెళ్తుంది. బోస్మన్ తరవాత జరిగింది అదే.

---

కార్నర్‌ఫ్లాగ్

ఒక ఫలానా క్లబ్బుకు ఈ అంకెలు నేనే చూసుకోవాలంటే ఎక్కడ మొదలెట్టాలి?

---

పద్దులపుస్తకం

ఇంగ్లిష్ క్లబ్బైతే కంపెనీస్ హౌస్ (బ్రిటన్‌లో కంపెనీల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) సైటులో వార్షిక పద్దులు ఉచితంగా దొరుకుతాయి. చాలా క్లబ్బులకు మాతృసంస్థ ఒకటి, దాని కింద క్లబ్బు కంపెనీ ఒకటి ఉంటాయి. ముందు ఏది ఎవరిదో చూసుకోండి, లేకపోతే అప్పులు ఒకచోట, జీతాలు ఇంకోచోట కనిపించి తికమక పడతారు.

లాభనష్టాల పట్టికలో ఆదాయం తీసుకోండి. సిబ్బంది ఖర్చు నోటులో జీతాల మొత్తం ఉంటుంది, అందులో ఆఫీసు ఉద్యోగులూ కలిసే ఉంటారు, విడదీసి ఇవ్వరు. జీతాన్ని ఆదాయంతో భాగించండి. 60 శాతం లోపుంటే సుఖం, 70 దాటితే ఆలోచించాలి, 90 దాటితే యజమాని జేబు మీద బతుకుతున్నట్టే. తరవాత ఇన్‌టాంజిబుల్ ఆస్తుల నోటు, ఆటగాళ్ళ రిజిస్ట్రేషన్లు ఉండేది ఇందులోనే. ఆ ఏడాది కొన్నవి, అమ్మినవి, అమోర్టైజేషన్, మిగిలిన బుక్ వాల్యూ అన్నీ ఒకే పట్టికలో ఉంటాయి. బుక్ వాల్యూను అమోర్టైజేషన్‌తో భాగిస్తే ఇంకా సగటున ఎన్నేళ్ళ భారం మిగిలిందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది.

ఎక్కువమంది వదిలేసేవి మూడు. ఒకటి, బాకీల నోటులో ఇతర క్లబ్బులకు కట్టాల్సిన వాయిదాలు. ఏడాది లోపువి, తరవాతవి వేరుగా ఉంటాయి, రావాల్సినవాటితో పోల్చండి. రెండు, పద్దుల తేదీ తరవాత జరిగిన లావాదేవీల నోటు. జూన్ 30 పద్దుల్లో ఆ వేసవి కొనుగోళ్ళు ఇక్కడే దొరుకుతాయి. మూడు, షరతుల మీద ఆధారపడిన బాకీలు: ఇన్ని మ్యాచ్‌లు ఆడితే, యూరప్‌కు చేరితే అంటూ ఒప్పుకున్న అదనపు ఫీజులు. షరతు నెరవేరే సూచన లేనంతవరకు ఇవి ఖర్చులో కనిపించవు. జట్టు బాగా ఆడిన ఏడాది ఒక్కసారిగా వచ్చి పడతాయి, బోనస్‌లు కూడా అప్పుడే. గెలిచిన సీజన్ తరవాతి పద్దుల్లో కొన్ని క్లబ్బులు ఎక్కువ నష్టం చూపించడానికి కారణం ఇదే. ఆ నోటులోని అంకెను జీతాల పక్కన రాసుకోకుండా క్లబ్బు పరిస్థితిని తేల్చకండి.